అత్త ఎంచిన చేప

హోసూరు
11 జూలై 2004

ప్రియమైన వదినకు,

ఇక్కడ అందరం బాగున్నామని మొదలుపెట్టాలి. కానీ మొదటి వాక్యంలోనే అబద్ధం రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. మా ఫోను హాల్లో ఉంది. అత్త కుర్చీ దాని పక్కనే ఉంది. అత్త గురించి అత్త ముందే నీతో ఏం మాట్లాడను? నిన్న నువ్వు ఫోను చేసినప్పుడు ఆమె పూజలో ఉందన్నాను కదా, పూజా లేదు గీజా లేదు. నా ఎదురుగానే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నీ పేరు వినగానే వద్దన్నట్టు చెయ్యి ఊపింది. ప్రతిసారీ ఇదే. నా దగ్గర అబద్ధాలు అయిపోతున్నాయి వదినా. ఒక మనిషి ఎన్ని పూజలు చేస్తుంది, ఎన్నిసార్లు స్నానం చేస్తుంది?

మామ పోయినప్పటి నుంచి నీ దగ్గరే ఉంది. మనవరాలు నేత్రకు జడలు వేసి బడికి పంపడం, సాయంత్రం కథలు చెప్పడం, అంతా ఆమే. అలాంటి మనిషి ఉన్నట్టుండి ఒక సంచితో మా గుమ్మంలో దిగి "ఇంగ ఈడే ఉంటాను" అంది. ఎందుకని మీ తమ్ముడు అడిగితే "కొడుకింట్లో ఉండేదానికి కారణం చెప్పాల్నారా గోకులా?" అని ఆయన నోరు మూయించింది. నువ్వేమో అమ్మకు మార్పు కావాలంటున్నావు. మార్పు కావాలన్న మనిషి అన్నం కెలికి లేచిపోతుందా? మీ ఇద్దరిలో ఎవరో ఒకరు నాకు నిజం చెప్పండి.

ఇంకో సంగతి. మీ తమ్ముడు ఇంటికి సముద్రం తెచ్చాడు. ఫ్యాక్టరీలో ఆయనతో పనిచేసే ఇంజనీరు పుణెకు బదిలీ అయిపోతూ తన చేపల తొట్టిని ఈయనకు అంటగట్టాడు. మూడడుగుల గాజు తొట్టి, ఉప్పునీళ్ళది, సముద్రపు రాళ్ళతో సహా. అందులో నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న చేపలు రెండు. నీళ్ళలో కలిపే ఉప్పు పొట్లాలు బెంగుళూరు నుంచి తెచ్చుకోవాలి. అత్త ఆ పొట్లాం తిప్పి తిప్పి చూసి "కావేరిపట్టణం అంగట్లో మూటలు మూటలు ఉప్పు అమ్మినాము. అది ఉప్పు కాదా?" అంది. ఇక్కడికి వచ్చాక ఆమె నోట వచ్చిన పెద్ద మాట అదే. అందుకే నాకు ఆ తొట్టి మీద కోపం రాలేదు.

వెంటనే షరతు కూడా పెట్టింది. "ఇంట్లోకి నీసు రాకూడదు. ఇవి ఏమి తింటాయి?" ఏవో గింజలు అత్తా అన్నాను. డబ్బా మీద చేపల పొడితో చేసినవని ఇంగ్లీషులో రాసి ఉంది. ఆ కాగితం గీకి పారేశాను. చూశావా, నీ కోసం అబద్ధాలు చాలనట్టు ఇప్పుడు చేపల కోసం కూడా.

నీ అంబిక

*

కృష్ణగిరి
20 జూలై 2004

అంబికా,

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత ఏడ్చాను. మీ అన్నయ్య అంగడి నుంచి వచ్చి ఏమైందని అడిగితే ఉల్లిపాయలన్నాను. నీ ఒక్కదాని దగ్గరే అబద్ధాలు అయిపోతున్నాయనుకోకు.

పెద్ద కారణమేమీ లేదు. పెద్దవాళ్ళు అలుగుతారు, వాళ్ళే దిగివస్తారు. ఒక్కటి మాత్రం చెప్పు. నా పేరు ఎప్పుడైనా ఎత్తుతుందా? నా పేరు వద్దు, నేత్రను గురించైనా అడుగుతుందా? ఇది రోజూ బడి నుంచి వచ్చి అవ్వ ఎప్పుడొస్తుందని అడుగుతోంది.

ఆ తొట్టి సంగతి నాకు నచ్చింది. అమ్మకు ఎంచే పని ఇవ్వు. వంకాయ నుంచి మీ అన్నయ్య దాకా మా ఇంట్లోకి ఏది వచ్చినా ఆమె ఎంచిందే. అంత తొట్టిలో రెండు చేపలేమిటి, ఇంకేవి వేస్తే బాగుంటుందో నువ్వే చూడు అత్తా అని అడుగు. చేతిలో పని పడితే మనిషి కదులుతుంది. ఆమెకు అన్నం తినిపించు, అంతకంటే నేనేమీ అడగను.

భువన

*

హోసూరు
14 ఆగస్టు 2004

వదినా,

నువ్వు చెప్పినట్టే అత్తను అడుగుదామనుకున్నాను. అంతలో మీ తమ్ముడు తొందరపడి, రంగు చూసి మురిసిపోయి, నీలం చేపనొకదాన్ని తెచ్చి తొట్టిలో వదిలాడు. బొటనవేలంత లేదు. దాని పొగరు చూడాలి! మంచి రాయి ఏదో చూసుకుని దాని కింద చేరింది. చారల చేపలు అటు వస్తే చాలు, వెంటబడి తరమడం. పాపం అవి రెండూ ఒక మూలకు చేరి, రెక్కలు చిరిగి, నీళ్ళు పీల్చే గొట్టం పక్కన వణుకుతూ నిలబడ్డాయి.

అత్త కుర్చీని గోడ వైపు నుంచి తొట్టి వైపు తిప్పుకుంది. "చూస్తివా అంబికా, బాడుగకు వచ్చినోడు ఇంటోళ్ళను బయటికి తోసినాడు" అని గాజు మీద వేలితో కొట్టి దాన్ని తిట్టింది. అది లెక్కచేస్తేనా! చివరికి దాన్ని వాపసు ఇద్దామని ఈయన వల పట్టుకుని దిగాడు. అది రాళ్ళ సందుల్లో దూరింది. రాళ్ళన్నీ బయటికి తీశాం. హాలంతా ఉప్పునీళ్ళు. మీ తమ్ముడు కాలు జారి బకెట్లో కూర్చున్నాడు.

అత్త నవ్వింది వదినా. పైట నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "నేత్ర ఉండి ఉంటే ఎంత కేరేదో" అంది. అనేసి టక్కున లేచింది. మళ్ళీ కుర్చీ గోడ వైపుకు వెళ్ళింది.

కాబట్టి నువ్వు అడిగినదానికి జవాబు ఇదీ. ఆమె మరిచిపోలేదు. ఇప్పుడు నా ప్రశ్నకు నువ్వు జవాబు చెప్పాలి. ఏం జరిగింది? ఈసారి ఉల్లిపాయల కథ రాస్తే నేను కృష్ణగిరి బస్సెక్కి వస్తాను, చూసుకో.

అంబిక

*

కృష్ణగిరి
23 ఆగస్టు 2004

అంబికా,

రాస్తాను. చదివి చింపెయ్.

నేత్ర ఈ ఏడు సంక్రాంతి తర్వాత బడిలో ప్రార్థనలో నిలబడి నిలబడి కళ్ళు తిరిగి పడిపోయింది. డాక్టరు ఒంట్లో రక్తం బాగా తక్కువ ఉందని మందులిచ్చి, రోజుకొక గుడ్డు పెట్టమంది. మన ఇండ్లలో ఆ మాట పైకి అనడానికే భయం. మీ అన్నయ్య, బిడ్డకంటే ఎక్కువేముంది పెట్టు అన్నాడు. అమ్మ గుడికి పోయిన సమయం చూసి పెరట్లో కిరసనాయిలు స్టవ్వు మీద, వేరే గిన్నెలో ఉడకబెట్టేదాన్ని. నేత్ర గోడ పక్కన నిలబడి గబగబా మింగేది. నోరు కడిగించి లోపలికి పంపేదాన్ని.

ఇక పెంకులు ఎక్కడ పారెయ్యాలి? చెత్తలో వేస్తే అమ్మ చూస్తుంది. పక్కింటి కోటమ్మ, దంచి చెట్టు మొదట్లో వెయ్యి, పూలు బాగా పూస్తాయంది. గోడ పక్కనున్న అమ్మ కనకాంబరాలకు వేశాను. నిజంగానే పూశాయి అంబికా. ఎప్పుడూ లేనంతగా పూశాయి. అమ్మ మురిసిపోయి "ఈ ఏడు అమ్మవారి చెయ్యి పడింది చెట్లకు" అని రోజూ మూర కట్టి దేవుడికి వేసేది. నేను చూస్తూ ఊరుకున్నాను.

ఒకనాడు ఆమె పుల్లతో మన్ను గుల్ల చేస్తుంటే పెంకు బయటపడింది. అరచేతిలో పెట్టుకుని వంటింట్లోకి వచ్చి "ఇదేందే?" అంది. చెప్పాను. ఆమె అరవలేదు. "ఇన్నాళ్ళూ నా చేత దేవునికి ఏమి పెట్టించినావే భువనా" అని మాత్రం అంది. పొద్దున లేచి చూస్తే సంచి సర్దుకుని ఉంది.

ఆ రోజే గుడ్లు మానేశాను. ఖర్జూరం, రాగి సంగటి, మునగాకు, ఎవరేది చెబితే అది పెడుతున్నాను. మందులూ వేస్తున్నాను. ఐనా పిల్ల మొహంలో రంగు లేదు. డాక్టరు నన్ను తిడుతోంది. గుడ్డు పెడితే అమ్మ ఇక ఈ గడప తొక్కదు. పెట్టకుంటే బిడ్డ ఇలా వాడిపోతోంది. నేనెవరి వైపు నిలబడాలో నువ్వే చెప్పు.

అమ్మతో ఈ మాట ఎత్తనని ఒట్టు వెయ్యి.

భువన

*

హోసూరు
19 సెప్టెంబరు 2004

వదినా,

ఒట్టు. అత్తతో ఒక్క మాట అనలేదు. కానీ నా మనసులోది నీకు చెబుతాను. గుడ్డు పెట్టావని నేను నిన్ను తప్పుపట్టను. ఆ పెంకులకు నీకు ఊళ్ళో కనకాంబరమే దొరికిందా మహాతల్లీ?

సరే, చేపల పెళ్ళిచూపులకు వెళ్ళొచ్చాం. నీలం చేపతో బుద్ధి వచ్చి, దాన్ని వాపసు ఇచ్చేసి, ఈసారి అత్తను వెంటబెట్టుకుని బెంగుళూరులో చేపల దుకాణానికి వెళ్ళాం. అత్త కొంగు నడుముకు దోపి, దుకాణం ఆయనను కన్నడలో నిలదీసింది. ఇది ఎంత పెరుగుతుంది? పక్కవాటితో ఎలా ఉంటుంది? ఏం తింటుంది? నీ పెళ్ళికి అన్నయ్య గురించి ఇన్ని అడిగిందో లేదో.

పచ్చటి పసుపు చేపనొకదాన్ని చూసి నేను ఆగిపోయాను. అది పళ్ళెమంత పెరుగుతుంది, ఈదడానికి పెద్ద తొట్టి కావాలన్నాడాయన. "గొప్పింటి పిల్ల, మన ఇంట్లో ఇమడదు, రా" అంది అత్త. ఎర్రది ఒకటి రాతి కింద సాధువులా కూర్చుని ఉంది. అది నోట్లో పట్టే చిన్న చేపనల్లా మింగుతుందట. అత్త దాని వైపు మళ్ళీ చూడలేదు. ఇంకో రకం ఒక్కటైతే మంచిదే, జతగా వేస్తే చచ్చేదాకా కొట్లాడతాయట. "తోడికోడళ్ళు" అని అత్త దాటిపోయింది.

అప్పుడు చూసింది, మూల తొట్టిలో మాండరిన్ అనే చేపను. వేలెడంత ఉంటుంది. ఆకుపచ్చ మీద నీలం, నారింజ తీగలు మెలికలు తిరిగి, ఎవరో తీరిగ్గా కూర్చుని ముగ్గు వేసినట్టుంది. "ఇది ఎవరి జోలికీ పోదమ్మా. రోజంతా రాళ్ళ మీద పొడుచుకుని తింటూ తిరుగుతుంది. కానీ..." అన్నాడు దుకాణం ఆయన. "రాళ్ళ మీది పాచి తింటాదన్న మాట! నీసు ముట్టదు. ఇదే మన ఇంటిది" అని అత్త తేల్చేసింది. ఆయన "కానీ అమ్మా" అని మళ్ళీ మొదలుపెట్టాడు. అత్త అప్పటికే సంచి తెరిచి నిలబడింది. ఆ 'కానీ' తర్వాత ఏముందో నేనూ అడగలేదు. ఆమె మొహంలో సంతోషం చూసి నాకు అడగబుద్ధి కాలేదు.

చారల చేపలు దాన్ని చూసి, ఓహో అనుకుని, తమ పని తాము చూసుకున్నాయి. కొట్లాట లేదు, తరమడం లేదు. అత్త దానికి అమ్మణ్ణి అని పేరు పెట్టింది. ఇప్పుడు కంచం పట్టుకుని తొట్టి ముందు కూర్చుని, దానితో మాట్లాడుతూ రెండోసారి పెట్టించుకుని తింటోంది. నువ్వు అడిగినదీ అదే కదా. గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపో.

అంబిక

*

కృష్ణగిరి
5 అక్టోబరు 2004

అంబికా,

అమ్మ రెండోసారి పెట్టించుకుందన్న మాట దగ్గర ఆగి మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. నీ కడుపు చల్లగా ఉండ.

నేత్రకు చేప కథంతా చెప్పాను. కాగితం మీద అమ్మణ్ణి బొమ్మ వేసింది, ఇందులో పెట్టాను, అమ్మకు నువ్వే ఇవ్వు. వారం రోజులుగా పిల్లకు జ్వరం వచ్చి పోతోంది. నిన్న పక్కలో పడుకుని "అమ్మా, నేను గుడ్డు తిన్నానని అవ్వ వెళ్ళిపోయిందా? ఇంక ఎప్పుడూ తిననని చెబితే వస్తుందా?" అని అడిగింది. నేను దానికి ఇన్నాళ్ళూ ఏమీ చెప్పలేదు. అదే కనిపెట్టింది.

ఇంకేమీ రాయలేను.

భువన

*

హోసూరు
24 అక్టోబరు 2004

వదినా,

ముందు ఇది చదువు. లోపల ఇంకో కాగితం ఉంది, అది తర్వాత. నువ్వు ముందే దాన్ని తీస్తావని నాకు తెలుసు, ఐనా చెబుతున్నాను.

అమ్మణ్ణి చిక్కిపోయింది. మొదట నేను పట్టించుకోలేదు. ఒకనాడు అత్త పిలిచి "ఏమ్మే, దీని కడుపు చూడు, లోపలికి పోతా ఉండాది" అంది. నిజమే, పొట్ట గుంటపడింది. అత్త పాలకూర ఉడకబెట్టి దారం కట్టి వేలాడదీసింది. కొత్తిమీర వేసింది. చారల చేపలు వచ్చి కొరికి చూశాయి గానీ ఇది కన్నెత్తి చూడలేదు. నేను వేసే గింజలూ ముట్టలేదు. పొద్దంతా ఆ రాళ్ళనే వెతుక్కుంటూ, ఏమీ దొరకక, నీరసంగా ఒక మూలన వాలిపోయేది.

మీ తమ్ముడు పుణెలో ఆ ఇంజనీరుకు ఫోను చేశాడు. అది పాచి తినే చేప కానేకాదట. రాళ్ళ మీద కంటికి కనిపించనంత చిన్న పురుగులుంటాయి, ప్రాణమున్నవి. వాటినే ఏరుకుని తింటుందట. మనలాంటి చిన్న తొట్టిలో ఉన్న పురుగులన్నీ తినేసింది, ఇక ఆకలితో చస్తుంది. వాపసైనా ఇచ్చెయ్యండి, లేదా రొయ్యల గుడ్లు డబ్బాల్లో దొరుకుతాయి, రోజూ పొదిగించి ఆ పిల్లల్ని ప్రాణంతో వేయండి అన్నాడు. దుకాణం ఆయన 'కానీ' తర్వాత చెప్పబోయింది ఇదే!

నేను అత్త ముందు కూర్చుని అంతా చెప్పేశాను. అమ్మణ్ణి నీసు తింటుందని, ఆ గింజలు కూడా చేపల పొడేనని, డబ్బా కాగితం గీకింది నేనేనని. ఈమె మళ్ళీ సంచి సర్దితే ఎక్కడికి పోతుంది? రేపే వాపసు ఇచ్చేస్తామన్నాను. అత్త ఆ పూట తినలేదు, జపమాల పట్టుకుని తొట్టి ముందే కూర్చుంది.

పొద్దున ఆమే కాఫీ కలిపి మాకు ఇచ్చి, "గోకులా, ఆ గుడ్లు యాడ దొరికేది?" అంది. మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. "ఏందట్ల చూస్తారు? ఆడికి తీసకపోతే మాత్రం దానికెవురు పెడతారు? మనమని నమ్మి వచ్చింది. నేనే ఎంచి తెస్తిని."

పెరట్లో బట్టలుతికే చోట పెట్టింది పని. వంటింటి గడప దాటకూడదని కట్టడి. సీసా తలకిందులుగా కట్టి, ఉప్పునీళ్ళు పోసి, గొట్టంతో గాలి వదిలి, పక్కన బల్బు వెలిగించాం. గుడ్లు రాగిపిండికంటే కొంచెం బరకగా ఉన్నాయి, అంతే. మరునాటికి నీళ్ళల్లో నారింజ రంగు నలుసులు గిలగిలా కదిలాయి. అత్త తన పాత చీర ముక్కలో వడకట్టి, మంచినీళ్ళతో కడిగి, చెంచాతో రాతి పక్కన వదిలింది. అమ్మణ్ణి ఆగింది. తల కాస్త వంచి చూసింది. ఒక్క పొడుపు పొడిచింది. తర్వాత ఇక ఆగితే ఒట్టు! ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం. ఇప్పుడు రోజూ అదే పని, దాని పొట్ట గుండ్రంగా వచ్చింది.

నిన్న వడకట్టాక అత్త ఆ గుడ్డను ఉతకకుండా అలాగే పట్టుకుని నిలబడింది. గోధుమ రంగు పెంకులు దానికి అంటుకుని ఉన్నాయి. వాటినే చూస్తూ, "భువన ఇంకా బిడ్డకు గుడ్డు పెడతా ఉండాదా?" అంది. నాతో నీ ప్రసక్తి తేవడం ఇదే మొదటిసారి.

ఒట్టు తప్పాను వదినా. తిట్టుకో. ఆ రోజే మానేసిందత్తా అన్నాను. జ్వరం సంగతి చెప్పాను. బొమ్మ ఇచ్చాను. నేత్ర నిన్ను అడిగిన మాట ఉన్నదున్నట్టు చెప్పాను. అత్త చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది. వెళ్ళి బొమ్మను ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత కళ్ళద్దాలు, కాగితం అడిగింది.

అంబిక

*

హోసూరు
24-10-2004

భువనా,

నేనే రాస్తా ఉండాను. అంబిక చేత రాయించలేదు. అక్షరాలు వంకర పోతే సర్దుకోని చదువుకో.

నువ్వు నాకు చెప్పకుండా దాస్తివని నాకు కోపం వచ్చింది. చెప్పి ఉంటే ఒప్పుకోని ఉంటానా అంటే, ఒప్పుకోని ఉండను. అదీ నిజమే. అందుకే దాస్తివి. ఇంత చిన్న సంగతి నాకు తోచేదానికి ఇన్ని నెలలు పట్టింది.

ఈడ నేనొక చేపను ఎంచి తెచ్చినాను. పాచి తింటాది, మన జాతిదే అని గొప్పలు పోయినాను. అది తినేది వేరే. దాని కడుపు లోపలికి పోతా ఉంటే నాకు అన్నం దిగలేదు. ఇన్నేండ్లు పట్టుకోనుండిన ఆచారం, పిడికెడంత లేని చేప ముందర నిలబడలేదు. నా చేత్తోనే గుడ్లు పొదిగించి నా చేత్తోనే పెట్టినాను. చేపకొక న్యాయం, నా మనవరాలికొక న్యాయమా? ఈ చెయ్యి చేపకు పెట్టి, బిడ్డకు వద్దని చెప్తే, ఇదే చేత్తో దేవునికి పూలు ఎట్ల పెట్టేది?

ఈ కాగితం అందిన దినమే నేత్రకు గుడ్డు పెట్టు. గోడ పక్కన నిలబెట్టి దొంగగా కాదు. పీట వేసి కూర్చోబెట్టి పెట్టు. భయపడతా తిన్న తిండి బిడ్డ ఒంటికి పట్టదు. అటక మీద సొట్టపోయిన సత్తు గిన్నె ఉండాది, అది గుడ్డుకు పెట్టుకో. నా చారు గిన్నె జోలికి మాత్రం వచ్చినావో, చూడు. నేను ముట్టేది లేదు, నాకు ఆ వాసనే పడదు. దానికీ దీనికీ ముడి పెట్టొద్దు.

పెంకులు దంచి కనకాంబరాలకే వెయ్యి. పోయినసారి చానా బాగా పూసినాయి. పేడ వేసిన చెట్టు పూలు ఇన్నేండ్లు పెట్టినాము, స్వామి ఎన్నడన్నా మొహం తిప్పుకున్నాడా?

నేత్రకు చెప్పు. అవ్వ అలిగింది దాని మీద కాదు, వాళ్ళమ్మ మీద. అది కూడా అయిపోయింది. అమ్మణ్ణికి దినామూ పెట్టాల, వదిలి రాలేను. జ్వరం తగ్గినాక బిడ్డను పిలుచుకోని నువ్వే రా. సీసాలో పిల్లలు పుట్టేది దానికి చూపించాల.

ఆదివారం ఫోను చెయ్యి. పాపం అంబిక దగ్గర అబద్ధాలు అయిపోయినాయంట. నేనే ఎత్తుతాను.

మీ అమ్మ